కుబేరుల సరుకు వద్దంటే సరిపోతుందా?

మేము చదివింది తమిళ మీడియంలో. తెలుగు రాయడం రిటైరయ్యాకే నేర్చుకున్నాము. తప్పులుంటే దిద్దండి.

పోయిన ఆదివారం కమిటీ మీటింగులో ఉగాది విందుకు కూల్ డ్రింకుల మాట వచ్చింది. కోక్, పెప్సీ వద్దన్నారు ఒకరు. 2017లో జల్లికట్టు పోరాటం తర్వాత మన రాష్ట్రంలో వర్తక సంఘాలే వాటిని అమ్మబోమన్నాయి కదా అన్నారు. అయితే కాంపా తెద్దామన్నారు ఇంకొకరు. అది అంబానీ గారి రిలయన్స్‌ది, అంత డబ్బున్న వాళ్ళకు మన పది రూపాయలు ఎందుకు, కుబేరుల కంపెనీల సరుకు ఏదీ కొనరాదని తీర్మానం చేద్దామని కుర్రవాళ్ళు పట్టుబట్టారు.

వాళ్ళ కోపం న్యాయమే. తీర్మానం మాత్రం నిలబడేది కాదు. ఈ మాటలు మీరు చదువుతున్నది జుకర్‌బర్గ్ గారి ఫేస్‌బుక్‌లో. మీటింగు పిలుపు వచ్చింది ఆయన వాట్సాప్‌లోనే. మనలో చాలామంది ఫోనుల్లో ఉండేది జియో సిమ్మే. మన పిల్లల్లో కొందరికి జీతమిచ్చేదీ అటువంటి కంపెనీలే. పాటించలేని తీర్మానం చేస్తే నవ్వులపాలయ్యేది మనమే.

తూత్తుకుడి సంగతి మనకందరికీ తెలుసు. 1906లో వ.ఉ. చిదంబరం పిళ్ళై గారు స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి కొలంబోకు ఓడలు నడిపారు. పోటీకి వచ్చిన తెల్లవాళ్ళ కంపెనీ టికెట్టు తగ్గిస్తూ పోయి, చివరికి ఊరికే తీసుకుపోతాము, గొడుగు కూడా ఇస్తామన్నదని పెద్దలు చెప్పుకుంటారు. 1908లో పిళ్ళై గారు జైలుకు పోయారు. 1911కల్లా స్వదేశీ కంపెనీ మూతపడింది. వద్దనడానికి ఒక్కరోజు ఆవేశం చాలు. మనవాణ్ణి నిలబెట్టాలంటే రోజూ కొనాలి.

ఇంకొకటి మా ఇంట్లోనే జరిగింది. 1974 మే నెలలో రైల్వే సమ్మె 20 రోజులు సాగింది. మా నాయన అప్పుడు జోలార్‌పేటలో గ్యాంగ్‌మన్. జీతం రాలేదు. వీధి చివరి అంగడి అణ్ణాచ్చి మా అమ్మను ఒక్కమాట అడగకుండా బియ్యం, పప్పు, నూనె ఇచ్చి నోటులో రాసుకున్నారు. ఆ అప్పు తీరేసరికి దీపావళి వచ్చింది. పెద్ద మార్కెట్టులో కిలోకు రెండు రూపాయలు తక్కువని ఇప్పుడు మేమూ అక్కడ కొంటున్నాము, దాచేదేముంది. కానీ ఇల్లు కష్టంలో పడినప్పుడు అక్కడి బిల్లు మిషను అప్పు రాసుకోదు.

అందుకని మా మాట ఇది. ఏదైనా కంపెనీ ఫలానా తప్పు చేసిందంటే, దాన్ని సరిచేసేదాకా కొనబోమందాం. అటువంటి బహిష్కారానికి అర్థముంటుంది, ముగింపూ ఉంటుంది. ధనవంతుడన్న ఒక్క కారణానికే వద్దంటే ఎక్కడ ఆపుతాము? దానికి బదులు, సంఘం డబ్బుతో కొనే ప్రతి సరుకునూ ముందు సభ్యుల అంగళ్ళలో, వీధి అంగళ్ళలో అడగాలని తీర్మానిద్దాం. ధర ఎంతవరకు ఎక్కువ ఇవ్వవచ్చునో కమిటీ హద్దు పెట్టాలి. ఇంట్లో నెల సరుకుల్లోనూ కొంత భాగం అక్కడే కొందాం.

ఇక ఉగాదికి పానకం, మజ్జిగ చాలు. బెల్లం, యాలకులు వీధి అంగడిలోనే దొరుకుతాయి. పానకం కలపడానికి పొద్దున్నే మేము వస్తాము. వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళు కింద రాయండి.