అనంతగిరికి జనం రావాలి, మన పొలాలు కొనడానికి కాదు

అనంతగిరికి పర్యాటకులను రప్పిస్తామని ప్రభుత్వాలు గట్టిగానే చెబుతున్నాయి. స్వదేశ్ దర్శన్ 2.0 కింద అక్కడి అడవిలో పర్యావరణ పర్యాటకానికి కేంద్రం రూ. 38 కోట్లు ఇచ్చింది. (ఆ పక్కనే దామగుండంలో నౌకాదళ రేడియో కేంద్రానికి 2,900 ఎకరాల అడవి రాసిచ్చారు. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకోవడం అంటే ఇదే.) మన సంఘంలో కొందరు మిత్రులు మాత్రం "మద్దతు ధరకే దిక్కులేదు, ఈ షికార్ల గోల మనకెందుకు" అంటున్నారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ. పట్నం జనం పల్లెకు రావడం రైతుకు సంబంధం లేని పని అని మనం వదిలేస్తే, ప్లాట్ల వ్యాపారి దాన్ని తన పని చేసుకుంటాడు.

మా జల్‌పల్లిని చూడండి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. దేశదేశాల జనం మా నెత్తి మీదుగా దిగుతున్నారు. పక్కనే పహాడీ షరీఫ్ దర్గాకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వచ్చిన వాళ్ళలో ఒక్కరైనా మా చెరువు కింద పండినది రూపాయి పెట్టి కొంటున్నారా? పండించే మడి మిగిలితే కదా కొనడానికి! ఇక్కడ ఎకరాలు గజాలైపోయాయి. భూమి అమ్ముకున్న రైతు కొడుకు అదే నేలలో లేచిన గోదాముకు వాచ్‌మన్‌గా పోతున్నాడు. ఇప్పుడు వికారాబాద్ రైతు ముందు ఆ దారే పరుస్తున్నారు.

మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా బీజాపూర్ రోడ్డు పట్టుకుని పోండి. ఆ తొవ్వ పొడుగునా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తామంటే వాటి కోసం హరిత ట్రిబ్యునల్ దాకా పోయినవాళ్ళు ఉన్నారు, సంతోషం. ఆ చెట్ల వెనక ఒక్కొక్క పొలమే ప్రహరీ గోడల్లోకి పోతుంటే దాని కోసం ట్రిబ్యునల్‌కు పోయేదెవరు? శని, ఆదివారాలు తప్ప తాళం వేసి ఉండే ఫాంహౌస్‌లవి. వాటి బోర్లకు మాత్రం వారమంతా పనే.

వికారాబాద్ జిల్లాలోనే లగచర్ల ఉంది. ఫార్మా కోసం భూములు అడిగితే 2024 నవంబర్‌లో రైతులు ఎదురు తిరిగారు, జైళ్ళకు పోయారు. ప్రభుత్వం ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని పారిశ్రామిక పార్కు పేరుతో మళ్ళీ వచ్చింది. సర్కారు భూసేకరణకు వస్తే మనకు తెలుస్తుంది, కూడుకుంటాం, కొట్లాడతాం. రిసార్టు మాత్రం నోటిఫికేషన్ వేసుకుని రాదు. కారులో వస్తుంది, అడ్వాన్సు చేతిలో పెడుతుంది. అప్పుల్లో ఉన్న రైతు దానికి ఎదురు తిరగడు.

అలాగని జనాన్ని రావద్దనడం నా ఉద్దేశం కాదు. రావాలి, ఇంకా ఎక్కువ మంది రావాలి. గండిపేట నీళ్ళు తాగి పెరిగిన పట్నానికి మూసీ ఎక్కడ పుట్టిందో తెలియదు. అనంతగిరి గుట్టల్లో పుట్టింది, వచ్చి చూడమనండి. అక్కడి నుంచి తాండూరుకు పంపండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశమంతా పేరున్న పప్పు. ఆ పేరుతో రైతు జేబులో పడింది ఏమిటి? 2025-26లో కందికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,000, అంటే కిలోకు 80. అదే పప్పు పట్నం దుకాణంలో ఎంత పలుకుతుందో ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. చేను చూసి, మహిళా సంఘం వండిన జొన్నరొట్టె, పప్పు తిని, పోయేటప్పుడు అయిదు కిలోలు కారులో వేసుకునే మనిషి రైతుకు కావాలి. గేటు లోపల ఈతకొలను చూసి, తాగిన సీసా మన చేనులో విసిరి పోయేవాడు కాదు.

రైతు ఇంట్లో నలుగురిని ఉంచుకోనివ్వడానికి అడ్డమేమిటి? సొంత పొలంలో రెండు గదులు వేసి అతిథులను పెట్టుకోవాలంటే ఆ జాగాకు నాలా మార్పిడి చేయించాలి. మార్చిన జాగాకు రైతు భరోసా రాదు. నాగలి పట్టినవాడికీ యాభై ఎకరాల రిసార్టుకూ ఒకే గాటన కట్టిన నిబంధన ఇది. రిసార్టుకు లాయరున్నాడు, ఆడిటరున్నాడు. మనకు తహసీల్ ఆఫీసు చుట్టూ తిరగడం ఉంది. మహారాష్ట్ర 2020లోనే వ్యవసాయ పర్యాటకానికి విడిగా విధానం తెచ్చింది. అక్కడ రైతు తన పేరు మీదే నమోదు చేసుకోవచ్చు, సహకార సంఘాలూ చేసుకోవచ్చు. పక్క రాష్ట్రంలో కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

అందుకే వచ్చే జిల్లా మహాసభలో ఈ తీర్మానం పెడుతున్నాను. సాగు చేస్తున్న రైతు తన భూమిలో నాలుగు గదుల వరకు వేసుకుంటే నాలా అడగొద్దు, రైతు భరోసా కోయొద్దు. రిసార్టుకు అనుమతి ఇచ్చే ముందు గ్రామసభ పెట్టాలి, దాని బోరు లోతెంతో ఆ సభలో చెప్పాలి. అనంతగిరికి వచ్చిన 38 కోట్లలో కట్టే ప్రతి దుకాణంలో ముందు హక్కు చుట్టుపక్కల ఊళ్ళ రైతులకు, మహిళా సంఘాలకు ఉండాలి. "మనకెందుకు" అన్న మిత్రులు కూడా సభకు రండి, అక్కడే తేల్చుకుందాం. సంక్రాంతి దగ్గర కంది కోతలు మొదలవుతాయి. అప్పటికి తాండూరు చుట్టుపక్కల పది రైతు ఇళ్ళు అతిథులకు తలుపు తీసేలా సంఘమే దగ్గరుండి చూడాలి. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు మండల కార్యదర్శికి ఇవ్వండి.