పసివారి బట్టలను తిరగేసి చూడండి

బట్టల దుకాణంలో పెద్దవారికి ఒక సదుపాయం ఉంది. తొడుక్కున్న చొక్కా మెడ దగ్గర ఒరుసుకుంటే విప్పి అవతల పెట్టవచ్చు. చంకలో బిగిస్తే దర్జీని నాలుగు మాటలు అనవచ్చు. ఏడాదిన్నర పాపకు ఈ రెండు హక్కులూ లేవు. ఆమె చేయగలిగినది ఏడవటం ఒక్కటే. ఆ ఏడుపునకు మనం ఆకలి అనో, నిద్ర అనో, దిష్టి అనో పేరు పెడతాము గాని, గౌను లోపలి జరీ పోగు వీపును గీరుతున్నదేమో అని చూసేవారు తక్కువ.

ఈ మాసం పసివారి బట్టల సంగతిని పుదుచ్చేరి బజారు నుంచి చెప్పుకోవటానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆ పట్టణంతో తెలుగువారికి గల రాకపోకలు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం నేటికీ పుదుచ్చేరి పాలన కిందిదే. కచేరీ పనులకూ, జిప్‌మర్ ఆసుపత్రికీ అక్కడి కుటుంబాలు వందల మైళ్ళు ప్రయాణం చేసి వస్తుంటాయి. అంత దూరం వచ్చినవారు ఇంటిలోని పసివారికి ఏదో ఒకటి కొనకుండా తిరుగుప్రయాణం కట్టటం అరుదు. రెండవ కారణం, ఆ పట్టణం బ్రతుకంతా ఒకప్పుడు గుడ్డమీదనే నడిచింది.

పట్టణానికి దక్షిణాన కొద్ది మైళ్ళ దూరంలో అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వకాలు జరిపించినప్పుడు, రోమనులతో సాగిన వర్తకపు ఆనవాళ్ళతోబాటు ఇటుకలతో కట్టిన తొట్లు బయటపడ్డాయి. అవి గుడ్డలకు రంగు వేసిన తొట్లని ఆయన భావించాడు. పద్ధెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచి కంపెనీ ఓడలు ఇక్కడి నుంచి నింపుకొని పోయిన సరుకులో ముఖ్యమైనది నూలుగుడ్డ. డూప్లే గవర్నరుగా ఉన్న కాలంలో ప్రధాన దుబాషీ అయిన ఆనందరంగ పిళ్ళె తన దినచర్యలో గుడ్డల మూటల లెక్కలూ, వర్తకులతో బేరసారాలూ తరచు వ్రాసుకున్నాడు. మన కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అంకితమిచ్చినది ఈ పిళ్ళెగారికే. ఆయన మేడ పెద్ద మార్కెట్టు పక్కన, ఆయన పేరు పెట్టిన వీధిలోనే ఇప్పటికీ నిలిచి ఉన్నది. తరువాతి శతాబ్దంలో, నీలిమందులో ముంచి తీసిన పుదుచ్చేరి ‘గినీ’ గుడ్డ ఆఫ్రికాలోని సెనెగలు నదీతీరానికి పోయి, అక్కడి తుమ్మజిగురు వర్తకంలో నాణెంవలె చెల్లింది.

ఆ తరువాత మిల్లులు వచ్చాయి. 1936 జూలై 30న మిల్లు కార్మికులపై పోలీసులు కాల్పులు జరుపగా 12 మంది మరణించారు. ఎనిమిది గంటల పనిదినం ఆ పోరాట ఫలితంగానే ఈ పట్టణానికి దక్కింది. ఆంగ్లో-ఫ్రెంచి మిల్లూ, స్వదేశీ, భారతి మిల్లులూ 2020లో శాశ్వతంగా మూతపడ్డాయి. నేడు నెహ్రూ వీధి దుకాణాలలో వ్రేలాడే పిల్లల బట్టలలో అధికభాగం పైఊళ్ళ సరుకే. ఆఫ్రికా వరకు నూలుగుడ్డ పంపిన ఊరిలో, ఆ ఉక్కలో, పసిపిల్లలకు నైలాను వల గౌనులు తొడిగి ఊరేగించటం చూస్తే కొంత బాధ కలుగక మానదు.

బజారు స్వరూపం తెలిస్తే బేరం సులువు. పెద్ద కాలువకు తూర్పున, సముద్రం వైపు ఫ్రెంచి వీధులలో చిన్న చిన్న దుకాణాలున్నాయి. అక్కడ అచ్చు అద్దిన నూలుగుడ్డలతో కుట్టిన పిల్లల బట్టలు ముచ్చటగా ఉంటాయి. ధరలు యాత్రికులను దృష్టిలో పెట్టుకొన్నవి. కాలువకు పడమట నెహ్రూ వీధి, గాంధీ రోడ్డు, పెద్ద మార్కెట్టు పరిసరాలు స్థానికుల బజారు. ఆదివారం నాడు గాంధీ రోడ్డు పొడవునా బాటపక్క అంగళ్ళు వెలుస్తాయి. అక్కడ బట్టలు గుట్టలుగా పోసి అమ్ముతారు. తిరుప్పూరులో ఎగుమతికని కుట్టి మిగిలిపోయిన అల్లిక బట్టలు ఆ గుట్టలలో దొరుకుతాయి. మంచి నూలు చొక్కా పెద్ద దుకాణపు ధరలో సగానికే దొరకవచ్చు; పక్కనే కుట్టు తప్పి పక్కకు తీసేసిన సరుకూ ఉండవచ్చు. రెంటినీ వేరుచేయవలసినది కొనేవారి చేయి.

అట్టి చేయి ఒకదానిని ఒక ఆదివారం అక్కడ చూశాను. యానాం వైపు నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు గులాబిరంగు గౌను ఒకటి పట్టుకొని నిలబడి ఉన్నారు. దానికి మెరుపుబిళ్ళలు, మూడు వరుసల కుచ్చులు.

“ఎంత ముచ్చటగా ఉందో చూడండి అత్తయ్యగారూ! పాప పుట్టినరోజుకు ఇదే తీసుకుందాం” అన్నది కోడలు.

అత్తగారు గౌనును అందుకొని, మెరుపుబిళ్ళలవైపు కన్నెత్తి అయినా చూడకుండా లోపలిభాగం పైకి తిరగేశారు. నడుము కుట్టును తన ముంజేతి లోపలివైపు రెండుసార్లు రాసుకొని చూశారు. “పైన ముచ్చటగానే ఉందమ్మా. లోపల కొబ్బరిపీచు. దీన్ని నువ్వు తొడుక్కుని పూటంతా కూర్చోగలవా?” అన్నారు.

భాష తెలియకపోయినా సంగతి గ్రహించిన వర్తకుడు వెంటనే ధర తగ్గించాడు. ధర తగ్గితే గరుకు తగ్గదు గదా! ఆమె గౌను మడిచి గుట్టమీద పెట్టి, అడుగునుంచి తెల్లని అల్లిక జుబ్బాలు రెండు తీయించారు.

ఆమె చేసిన పరీక్షను మించినది నాకు తెలియదు. పసివారి చర్మం మన చర్మంకంటె పలుచన. మన అరచేయి పనిచేసి మొద్దుబారి ఉంటుంది. ముంజేతి లోపలి చర్మమో, చెంపో నిజం చెబుతుంది. తిరగేసినప్పుడు చూడవలసినవి కొన్నే: కుట్టు అంచులు చుట్టికుట్టినవా లేక పోగులు వ్రేలాడుతున్నవా, జరీకీ బిళ్ళలకూ వెనుక మెత్తని అస్తరు ఉన్నదా, మెడ వెనుక కంపెనీ చీటీ గట్టిగా గుచ్చుకుంటున్నదా. చీటీ ఒక్కటే దోషమైతే ఇంటికి వచ్చి జాగ్రత్తగా విప్పదీయవచ్చు. కుట్టుకు ఇరువైపులా పట్టి మెల్లగా లాగితే దారాల మధ్య వెలుతురు కనిపించిందా, ఆ చొక్కా పది ఉతుకులకు ఆగదు. గుడ్డను రెండు వ్రేళ్ళ మధ్య నలిపినప్పుడు తెల్లని పొడి రాలితే, ఆ దళసరితనం గంజిదే గాని నేతది కాదు.

ఇక గుడ్డ సంగతి. సాధారణమైన గాలిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టుకొని ఉంచుతుంది. పాలిస్టరు అర శాతం కూడా పట్టుకోదు. సముద్రపుటొడ్డున గాలిలోనే తడి ఎక్కువ, చెమట త్వరగా ఆరదు. నూలు ఆ చెమటను పీల్చుకుంటుంది, పాలిస్టరు దానిని చర్మంమీదనే నిలుపుతుంది. పసివారి స్వేదనాళాలు ఇంకా పూర్తిగా కుదురుకోని వయస్సు కనుక అవి సులభంగా మూసుకుపోయి చెమటకాయలు లేస్తాయి. మెడ మడతలలో, చంకలలో, వీపున ఎర్రగా పేలిన బిడ్డకు పౌడరు డబ్బాలు గుమ్మరించేకంటె, వదులైన పలుచని మల్లుగుడ్డ జుబ్బా తొడిగి గాలి ఆడే చోట పడుకోబెట్టటం మేలు.

‘అచ్చమైన కాటన్’ అని అమ్మేవాని మాట నమ్మవలసిన అవసరం లేదు. ఇంటికి వచ్చాక లోపలి కుట్టు వదులు నుంచి ఒక పోగు లాగి, పళ్ళెంలో పెట్టి, పిల్లలకు దూరంగా అంటించి చూడండి. నూలు కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలాగా ముడుచుకుంటుంది. రెండూ కనబడితే కలనేత అన్నమాట. కలనేత అంతా పనికిరానిదని కాదు. బడికి వెళ్ళే పిల్లవాని నిక్కరుకు అది మన్నికే. పాలు త్రాగే బిడ్డ ఒంటికి ఆనుకొనే గుడ్డకు మాత్రం నూలుకు సాటి లేదు.

కొలత దగ్గర మనవారు ఎక్కువగా తడబడతారు. దుకాణంలో ‘ఎన్ని నెలల పాప?’ అని అడుగుతారు, మనం చెబుతాం, వారు ఏదో ఒకటి తీసి ఇస్తారు. నెలలు ఒకటే అయినా బిడ్డలు ఒకటి కారు. సరిగా పట్టే పాత చొక్కా ఒకటి సంచిలో వేసుకొని వెళ్ళి, కొత్తదానిమీద పరచి చూడటం నెలలు చెప్పటంకంటె నమ్మదగిన పద్ధతి. పుట్టిన బిడ్డ తల శరీరపు పొడవులో నాలుగవ వంతు ఉంటుంది, పెద్దవారికి ఎనిమిదవ వంతు మాత్రమే. కనుక పెద్దవారి చొక్కాను కుదించి కుట్టినట్టున్న ఇరుకు మెడ బిడ్డకు పనికిరాదు. భుజంమీద గుండీలుండాలి, లేదా ముందువైపు ముడులు వేసే జుబ్బా కావాలి. మొదటి ఏడాదిలో బిడ్డ సుమారు 25 సెంటీమీటర్లు పొడుగు పెరుగుతుంది, బరువు మూడింతలవుతుంది. ఆ వయస్సున ఒకే కొలతలో డజను చొక్కాలు కొనటం డబ్బును పెట్టెలో పూడ్చటమే. రెండేళ్ళు దాటిన ఆడపిల్ల పరికిణీకి మాత్రం మన పెద్దల ఉపాయం నేటికీ దివ్యంగా పనిచేస్తుంది: అంచు పైన రెండు మడతలు కుట్టించి, ఏటికొక మడత విప్పటం. మంగళగిరి నూలుగుడ్డతో కుట్టిన పరికిణీ ఈ విధంగా అక్కకు మూడేళ్ళు, చెల్లెలికి రెండేళ్ళు రావటం వింత కాదు. నూలు, ముఖ్యంగా బనియను గుడ్డ, మొదటి ఉతుకులో కొంత ముడుచుకుంటుందని గుర్తుంచుకొని వ్రేలెడు వదులు చూసుకోవలసి ఉంటుంది.

బిగువు గురించి ఒక మాట. డూప్లే ఇక్కడ కోటలు కట్టుకుంటున్న రోజులలో ఐరోపాలో శిశువులను కదలకుండా పట్టీలతో చుట్టి ఉంచేవారు. 1748లో కాడొగన్ అనే ఆంగ్ల వైద్యుడూ, 1762లో ‘ఎమీల్’ గ్రంథంలో రూసో మహాశయుడూ ఆ ఆచారాన్ని ఖండించి, పిల్లల కాళ్ళుచేతులు స్వేచ్ఛగా ఆడాలని వాదించారు. నడుమున గుర్తుపడే రబ్బరుపట్టీ కూడా ఆ పట్టీకి చెల్లెలే. విప్పిన అరగంటకు కూడా ఎర్రగీత మాయకపోతే ఆ నిక్కరు మార్చవలసిందే.

త్రాళ్ళు ప్రాణాంతకం కావచ్చు. మెడచుట్టూ, టోపీకీ వ్రేలాడే తాడు ఉయ్యాల కొక్కేనికో, జారుడుబల్లకో చిక్కుకొని పిల్లలు ఉరిపడిన ఘటనల కారణంగా, ఏడేళ్ళలోపు పిల్లల దుస్తులకు మెడ భాగంలో త్రాళ్ళు కూడదని ఐరోపా దేశాలు 2004లో ప్రమాణం పెట్టుకున్నాయి. మన బజారులో అట్టి బట్టలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. బట్ట నచ్చితే కొనండి, తాడు మాత్రం లాగివేయండి. వదులైన గుండీలూ, పూసలూ అంతే. బిడ్డ నోటికి పోయేది ముందుగా అదే.

దీపావళి ముందు నెహ్రూ వీధిలో అడుగు పెట్టటానికి చోటుండదు. ఆ రద్దీలో కొన్న కుచ్చుల నైలాను గౌనుతోనే పిల్ల కాకరపువ్వొత్తి పట్టుకుంటుంది. కరిగిన గుడ్డ చర్మానికి అంటుకుంటుంది. నూలు కూడా మండుతుంది సుమా. కాని అది కరిగి అతుక్కోదు. ఆ రాత్రికి ఒంటికి అమరిన, కుచ్చులు లేని నూలుబట్ట తొడిగి, పట్టుపరికిణీ మరునాటి పేరంటానికి ఉంచండి.

కొత్తబట్టను ఉతకకుండా తొడగరాదు. గుడ్డ నలగకుండా మిల్లులు వాడే రసాయనాలూ, నిలవని రంగూ మొదటి నీటిలో చాలావరకు పోతాయి. పురిటిబిడ్డకు కొత్తబట్ట కాక, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన అమ్మమ్మ చీరతో, తాతగారి పంచెతో పొత్తిళ్ళు అమర్చటం మన ఆచారం. కాసు ఖర్చులేని ఆ గుడ్డకు సరితూగేది ఫ్రెంచి వీధులలో దొరకదు.

అయితే ఆ పాతబట్టలు ఏ పెట్టెలోనుంచి వచ్చాయో అడగండి. పురుగు పట్టకుండా వేసే నాఫ్తలీను గుండ్ల ఆవిరి గుడ్డలో ఇంకి, బిడ్డ చర్మం ద్వారా, ఊపిరి ద్వారా లోనికి పోతుంది. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతో కొరవడిన శిశువులలో అది ఎర్రరక్తకణాలను పగులగొట్టి తీవ్రమైన కామెర్లు తెస్తుంది. సమయానికి వైద్యం అందకపోతే మెదడు దెబ్బతింటుంది. తన బిడ్డకు ఆ లోపం ఉన్నదో లేదో తల్లికి ముందుగా తెలిసే అవకాశం తక్కువ. పసివారి బట్టల పెట్టెలో ఎండిన వేపాకు వేసుకోండి. బంధువులు ఆప్యాయంగా ఇచ్చిన మూటలో గుండ్ల వాసన తగిలితే, దానిని పురిటిగదిలోకి తేవద్దు. అట్టి బట్ట తొడిగిన శిశువు కళ్ళు పసుపుపచ్చగా కనిపిస్తే, బట్ట విప్పి, బిడ్డతోబాటు ఆ సంగతిని కూడా అదే పూట వైద్యుని ఎదుట పెట్టండి.