చీటీ లేని దగ్గు

ముసలితనం, షుగరు, బీపీ, చెడిన ఊపిరితిత్తులు ఉన్నోళ్లనే కరోనా ఎక్కువగా కూలదోసిందని డాక్టర్లు చెప్పిండ్రు. ఒప్పుకుందాం. మరి ఆ చెడిన ఊపిరిని లెక్కగట్టింది ఎవరు?

2021 మార్చి 1న అరవై దాటినోళ్లతోపాటు, 45 నుంచి 59 ఏళ్ల రోగులకూ టీకా తెరిచారు. ఢిల్లీ 20 జబ్బులు రాసింది. ఊపిరితిత్తుల జబ్బయితే రెండేళ్లలో దవాఖానల చేరి ఉండాలట, లేదా పెద్ద పరీక్షల తేలాలట! షుగరొక్కటే చాలదట, బీపీ మందులూ వాడుతుండాలట. పైగా డాక్టరు చీటీ.

కోరుట్ల, జగిత్యాల వాడల్లో తంబాకు దుమ్ము పీల్చే బీడీల అక్క ఏ దవాఖానల చేరింది? సిరిసిల్ల సాంచాల కాడ నూలు దుమ్ము మింగే అన్న? చేరితే ఆనాటి కూలి పోతది. దగ్గు ఉంటది, చీటీ ఉండదు.

ఏప్రిల్ 1న 45 దాటినోళ్లందరికీ చీటీ లేకుండానే ఇచ్చారు. అంటే ముందే ఇయ్యొచ్చు గదా!

ఊపిరి పరీక్ష మన వాకిట్లకు, సాంచాల షెడ్లకు రావాలె. ఆ కాయితం మన చేతికియ్యాలె.