పాయింట్ ఫైవ్ బిళ్ళ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న మంచం కింద రేకు డబ్బా తెరిచాను. అమృతాంజనం సీసా, పాత కళ్ళజోడు, ఇంటి పన్ను రశీదులు, వాటి కింద ఆల్‌ప్రాజోలం 0.5 స్ట్రిప్పులు పదకొండు. అందులో ఏడు నేను కొనిపెట్టినవే. హైదరాబాదులో కూర్చుని మా ఊరి మందుల షాపుకి ఫోన్ చేస్తాను, డబ్బులు ఫోన్‌లోనే పంపుతాను, కుర్రాడు సైకిలు మీద ఇంటికి తెచ్చిస్తాడు. చీటీ ఎవడూ అడగడు. నాన్న ఖాళీ స్ట్రిప్పు చూపిస్తారు, అంతే. ఎంత మంచి కొడుకునో అని నాకు నేనే మురిసిపోయేవాణ్ణి కూడా.

మాది చీరాల పక్కన ఈపురుపాలెం. 2022లో బాపట్ల జిల్లా వచ్చేదాకా ప్రకాశం జిల్లా. మగ్గాల ఊరు. నాన్నకి అరవై ఎనిమిది, ఇప్పటికీ గుంట మగ్గం మీద నేస్తారు. అమ్మ పోయిన కొత్తల్లో రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదంటే చీరాల్లో డాక్టరుగారు ఈ బిళ్ళ రాశారు. పది రోజులకి. కాగితం మీద స్పష్టంగా ఉంది, ఆ కాగితం కూడా డబ్బాలోనే ఉంది. ఆ పది రోజులూ నాలుగేళ్ళయ్యాయి. మన భాషలో చెప్పాలంటే టెంపరరీ ఫిక్స్ ఒకటి ప్రొడక్షన్‌లో పెట్టేసి టికెట్ క్లోజ్ చేసేశామన్నమాట.

పోయిన వానాకాలం మోకాళ్ళ నొప్పులకని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన నొప్పికి మందులిస్తూ, నిద్రకి కూడా ఒకటి రాశారు. నాన్న పాత బిళ్ళ సంగతి చెప్పలేదు, ఆయన అడగలేదు. అది కూడా ఆల్‌ప్రాజోలమే, కంపెనీ పేరు వేరు. రెండూ వేసుకున్నారు. రాత్రి రెండింటికి దొడ్లోకి వెళ్ళబోయి గడప దగ్గర పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. నేతగాడికి కుడి మణికట్టు. ఆరు వారాలు కట్టు, మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. తీరిగ్గా అడిగితే అప్పుడు చెప్పారు, ఏడాదిగా పొద్దున్నే మగ్గమెక్కితే తెగిన పోగు అతకడం కష్టమవుతోందని, చూపు తగ్గిందనుకున్నారట. చూపు కాదు, మధ్యాహ్నందాకా దిగని మత్తు. వయసు పైబడిన వాళ్ళకి ఈ జాతి మందులు వీలైనంతవరకు ఇవ్వొద్దని అమెరికా వృద్ధవైద్య నిపుణుల బీర్స్ జాబితా చెప్తూనే ఉంది. కారణాల్లో పడిపోవడాలు, ఎముకలు విరగడాలు, మతి తప్పడం ఉన్నాయి. మేం మతిమరుపు వయసుదే అనుకున్నాం.

కోపంతో ఆ స్ట్రిప్పులన్నీ కాలవలో పారేద్దామనుకున్నాను. నాతో ఇంటర్ చదివిన డాక్టరు ఒకడు ఫోన్‌లో గట్టిగా తిట్టాడు. "ఒక్కసారి ఆపితే ఫిట్స్ వస్తాయిరా, మీ నాన్నని చంపుతావా" అన్నాడు. వాడు చెప్పింది నాకర్థమైనంతలో ఇదీ. మెదడులో గాబా అని ఒక బ్రేకు ఉంటుంది. ఈ బిళ్ళ ఆ బ్రేకుని గట్టిగా తొక్కుతుంది. రోజూ తొక్కుతూ ఉంటే మెదడు సర్దుకుని యాక్సిలరేటర్ పెంచుకుంటుంది. నాలుగేళ్ళ తర్వాత బ్రేకు మీంచి ఠక్కున కాలు తీసేస్తే బండి ఎటు పోతుందో ఊహించుకోండి. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో ఈ మందులన్నిటి మీదా పెద్ద హెచ్చరిక పెట్టించింది. అలవాటు పడటం, ఆపినప్పుడు వచ్చే ప్రమాదం రెండూ అందులో ఉన్నాయి.

ఇది మనకి తెలియని సంగతేం కాదు, వేరే పేరుతో తెలుసు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఎక్కువగా ఇదే ఆల్‌ప్రాజోలం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయినప్పుడు కూడా దీని పేరే వచ్చింది. కల్లు దొరక్క వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రికి వచ్చేవాళ్ళ గురించి పేపర్లో చదివి అయ్యో అనుకుంటాం. మా నాన్న జీవితంలో కల్లు ముట్టలేదు. అదే మందు చీటీ లేకుండా, కొడుకు డబ్బుతో ఇంటికొచ్చింది.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. నైట్ సపోర్ట్ చేసేవాళ్ళలో జోల్పిడెమ్ పేరు వినని వాళ్ళు తక్కువ. ఒకసారి రిలీజ్ అయ్యాక తెల్లవారుజాము మూడింటికి కొలీగ్ ఇచ్చిన 10 మిల్లీగ్రాముల బిళ్ళ వేసుకుని, ఏడున్నరకి బండేసుకుని ఆఫీసుకెళ్ళాను. ఎలా వెళ్ళానో ఇప్పటికీ గుర్తులేదు, మధ్యలో రెండు సిగ్నళ్ళున్నాయి! ఆ మందు వేసుకుంటే ఏడెనిమిది గంటలు మంచం దిగే పని ఉండకూడదు. ఆడవాళ్ళలో పొద్దునకి కూడా మందు ఒంట్లో ఎక్కువ ఉండిపోతోందని 2013లో ఎఫ్‌డీఏ వాళ్ళ మోతాదుని 10 నుంచి 5కి తగ్గించింది. నిద్రలోనే లేచి నడవడం, బండి నడపడం లాంటివాటి గురించి 2019లో ఇంకా గట్టి హెచ్చరిక పెట్టింది. మన టీముల్లో మాత్రం ఒకడి స్ట్రిప్పు పదిమందికీ ప్రసాదం. దానికి తోడు వీకెండ్ బీరు. మందూ మందూ కలిస్తే ఊపిరే మందగిస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలతో కూడా అంతే. గురక పెట్టేవాళ్ళు, నిద్రలో ఊపిరాగేవాళ్ళు డాక్టరుకి ఆ మాట చెప్పకుండా వీటి జోలికి పోకూడదు.

చట్టం లేదా అంటే ఉంది. 2014 మార్చి నుంచి ఈ రెండు మందులూ షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. షాపువాడు చీటీ చూడాలి, డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చాడో వేరే రిజిస్టర్లో రాయాలి, దాన్ని మూడేళ్ళు ఉంచాలి. మా నాన్న పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండి ఉండదు. షాపతన్ని తిట్టుకోవడం తేలికే గానీ, అతనికి ఫోన్ చేసింది నేను. దూరంగా ఉన్న మనలాంటి కొడుకులకి నాన్న నిద్ర గురించి మాట్లాడటం కంటే స్ట్రిప్పు పంపడం సులువు. రేపు అధికారులు గట్టిగా పట్టుకుని ఒక్కరోజులో అమ్మకం ఆపేస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఏళ్ళ తరబడి మింగుతున్న ముసలివాళ్ళు ఆ వారమే ఆస్పత్రి పాలవుతారు. ముందు ఎవరెవరు వాడుతున్నారో లెక్క తీసి, తగ్గించే దారి డాక్టరు చేత రాయించాలి. ప్రతి ఊళ్ళో ఆ ఓపికున్న డాక్టరు దొరుకుతాడా అంటే... అది ఇంకో గొడవ. 14416 అని టెలి మానస్ నంబరొకటి ఉంది, 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మనసు బాగోని మనిషి ఉన్న ఇంట్లో ఇన్ని స్ట్రిప్పులు పోగుపడి ఉండటం ఎంత ప్రమాదమో నేను విడిగా చెప్పక్కర్లేదు. మా డబ్బా తాళం ఇప్పుడు చెల్లి దగ్గరుంది. వారానికి సరిపడా మాత్రమే బయట పెడుతుంది, మందుల అసలు పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటించింది.

నాన్నతో గొడవ పెద్దదే అయింది. "పడుకుంటే నిద్రొస్తే మందెందుకేసుకుంటాన్రా, నీకేం తెలుసు" అన్నారు. నిజమే, నాకేం తెలుసు? నాలుగేళ్ళలో నిద్ర ఎందుకు పట్టడంలేదని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు డాక్టరు రాసిన ప్రకారం 0.5 నుంచి 0.25కి దిగారు, పై నెలలో ఇంకొంచెం తగ్గించాలి. మధ్యాహ్నం కునుకు మానేశారు. సాయంత్రం టీ మీద ఇంకా బేరాలు నడుస్తున్నాయి.

నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి ఫోన్ చేశారు. "ఏరా, పడుకున్నావా" అన్నారు. క్లయింట్ కాల్‌లో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టి, "లేదు నాన్నా, చెప్పు" అన్నాను. ఆ సగం చీర సంగతి ఇరవై నిమిషాలు మాట్లాడారు.