ఊరించి ఉసూరుమనిపిస్తే...

సీరియల్ చూసేవాళ్లకి ఈ బాధ కొత్తకాదు. ఇదిగో పెళ్లి, అదిగో పెళ్లి అంటూ వారాల తరబడి ఊరిస్తారు. తీరా పీటల మీద కూర్చున్నాక ఎవరో వచ్చి ‘ఆపండి’ అంటారు. విసుక్కుంటాం గానీ, ఎప్పటికైనా ఆ ఇద్దరూ ఒకటవుతారన్న భరోసా మనకుంటుంది. ఆ భరోసా లేని ప్రేక్షకులూ ఉన్నారు. ఇద్దరు మగవాళ్ల మధ్యో, ఇద్దరు ఆడవాళ్ల మధ్యో ప్రేమ ఉన్నట్టు చూచాయగా చూపించి, అలాంటి మనసున్నవాళ్లని టీవీ ముందు కూర్చోబెట్టి, చివరికి ‘అబ్బే, అదేం లేదు, ఉట్టి స్నేహమే’ అని తేల్చేస్తారు. దీన్నే ‘క్వీర్‌బెయిటింగ్’ అంటున్నారు. బెయిట్ అంటే ఎర.

అమెరికన్ సీరియల్ ‘సూపర్‌నేచురల్’ సంగతే చూడండి. 2005 నుంచి 2020 దాకా 15 సీజన్లు నడిచింది. దయ్యాల్ని వేటాడే అన్నదమ్ముల కథ. 2008లో అందులోకి కాస్టియల్ అనే దేవదూత వచ్చాడు. అన్న డీన్‌కీ అతనికీ మధ్య ఆ చూపులు, ఆ అలకలు, ఒకరికోసం ఒకరు ప్రాణాలకి తెగించడాలు... అభిమానులు, అందులోనూ ఎంతోమంది ఆడవాళ్లు, పన్నెండేళ్లు ఎదురుచూశారు. చివరికి 2020 నవంబరులో కాస్టియల్ నోరువిప్పి డీన్‌తో ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అన్నాడు. అన్నాడో లేదో, చచ్చిపోయాడు! మిగిలిన రెండు ఎపిసోడ్లలోనూ కథలోకి తిరిగి రాలేదు. డీన్ మనసులో ఏముందో సీరియల్ చెప్పనేలేదు. ప్రేమని ఒప్పుకున్నాక ఇంక ఎర ఎక్కడిదని వాదించేవాళ్లున్నారు. నోటిదాకా వచ్చిన ముద్దని లాగేసుకుని, పెట్టాం కదా అంటే ఎలా?

మరి ఇద్దరు స్నేహితులు భుజాన చేయి వేసుకున్నా ఎరేనా? కాదు. హిందీ ‘దోస్తానా’ (2008)లో అద్దె ఇంటికోసం ఇద్దరు మగవాళ్లు ప్రేమికులమని నటిస్తారు. అది నటనేనని మనకి ముందే తెలుసు. ఆ హాస్యం నచ్చకపోవచ్చు (నాకైతే నచ్చలేదు), కానీ అది ఎర కాదు. అభిమానులు తమంతట తామే కథ అల్లుకుని, తెరమీద అది జరగలేదని మోసం అనడమూ సరికాదు. ఆశ పెట్టింది ఎవరు, దాన్ని ప్రచారానికి వాడుకున్నది ఎవరు అన్నదే చూడాలి.

ఈ తేడా మర్చిపోబట్టే 2022లో ఒక కుర్రాడు నలిగిపోయాడు. ‘హార్ట్‌స్టాపర్’ అనే బ్రిటిష్ సీరియల్లో కిట్ కానర్ తోటి విద్యార్థిని ప్రేమించే అబ్బాయిగా వేశాడు. ఆ కథలో దాపరికమే లేదు. అయితే బయట అతను ఒకమ్మాయి చేయి పట్టుకుని కనిపించాడు. అంతే, క్వీర్‌బెయిటింగ్ చేస్తున్నాడంటూ మీదపడ్డారు. కథలు రాసేవాళ్లని నిలదీయడానికి పుట్టిన మాటని తీసుకెళ్లి ఒక పిల్లాడి సొంత జీవితానికి గురిపెట్టారన్నమాట. కన్నవాళ్లకి చెప్పుకోడానికే ఏళ్లు పట్టే విషయం. ఆ అక్టోబరు నెలాఖరున తాను బైసెక్సువల్‌నని, అంటే ఆడా మగా ఇద్దరిపట్లా ఆకర్షణ ఉందని, ట్విట్టర్లో చెప్పేశాడు. 18 ఏళ్లవాడితో బలవంతాన చెప్పించినందుకు అభినందనలంటూ చురక వేశాడు. మీలో కొందరికి ఆ సీరియల్ ఏం చెప్పిందో ఎక్కనేలేదని కూడా అన్నాడు.