మన ఊళ్లోని ఆఫ్రికా

నాచారం, ఉప్పల్ నుంచి యూనివర్సిటీకి పోతూ రోజూ దాటే హబ్సిగూడ పేరు ‘హబ్షీ’ల నుంచి వచ్చిందంటారు. హబ్షీ అంటే అబిసీనియా మనిషి. అబిసీనియా అంటే నేటి ఇథియోపియా.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆఫ్రికా పోయి నగరాలు చూసే స్తోమత ఇప్పట్లో లేదు. అందుకే ఒక ఆదివారం నలుగురం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగి ఏ.సి. గార్డ్స్ అంతా తిరిగాం. ఏ.సి. అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక దళం పోయింది, మనుషులు మిగిలారు. వారి వారసులైన సిద్దీలు నేటికీ అక్కడ ఉన్నారు. మన బరాత్‌లలో మోగే మర్ఫాలో వారి చేయి కూడా ఉంది.

మరి మన క్యాంపస్‌లో చదివే ఆఫ్రికా విద్యార్థి రంగు చూసి మనవాళ్లే నవ్వితే ఎట్లా? ‘హాస్టలోళ్లు’ అనిపించుకున్న మనకు ఆ నవ్వు ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు. తెలిసి తెలిసి మనం ఆ పని చేయరాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి క్యాంటీన్‌లో వాళ్ల పక్కన కూర్చోండి. పేరడగండి, ఊరి సంగతులు అడగండి, మన ఊరి సంగతులు చెప్పండి. సెలవు రోజున వెంటబెట్టుకుని ఏ.సి. గార్డ్స్ చూపించండి.