పన్ను లేదు, జరిమానా మాత్రం ఉంది

అమెరికాలో ఇల్లు కొనుక్కుంటున్న కొడుక్కి ఆసరా అవుతుందని తెనాలి దగ్గర పొలం అమ్మి, తల్లిదండ్రులు 2 లక్షల డాలర్లు పంపారనుకోండి. ఆ కానుక మీద కొడుకు అక్కడ ఒక్క సెంటు ఆదాయపన్ను కట్టనక్కర్లేదు. అయితే ఆ సంగతి 3520 అనే ఫారంలో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి చెప్పాలి. చెప్పకపోతే ఆలస్యమైన ప్రతి నెలకీ కానుకలో 5 శాతం చొప్పున, 25 శాతం దాకా జరిమానా. అంటే 50 వేల డాలర్లు. కట్టాల్సిన పన్ను సున్నా అయిన చోట ఇంత జరిమానా న్యాయమేనా?

ఏడాదిలో విదేశీ వ్యక్తుల నుంచి వచ్చిన కానుకలు, వారసత్వపు డబ్బు లక్ష డాలర్లు దాటితే ఈ నిబంధన వర్తిస్తుంది. అమ్మ 60 వేలు, నాన్న 60 వేలు పంపినా కలిపే లెక్కేస్తారు. ఇది గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే అనుకోవద్దు. అక్కడ గడిపిన రోజుల లెక్కన పన్ను చట్టం దృష్టిలో రెసిడెంట్ అయితే హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది. ఏటా వేసే రిటర్నులో అన్నీ సరిగ్గా చూపించినా సరిపోదు. ఇది విడిగా వేయాల్సిన ఫారం.

ట్రస్టుల విషయం ఇంకా కఠినం. రేపు పిల్లల మధ్య ఆస్తి తగాదాలు రాకూడదని హైదరాబాద్‌లో ఒక తండ్రి కుటుంబ ట్రస్టు రాయిస్తాడు. మన చట్టం ప్రకారం అది మామూలు వ్యవహారం. డాలస్‌లో ఉన్న కూతురు లబ్ధిదారు అయితే, అమెరికా చట్టానికి అది విదేశీ ట్రస్టు. దాని నుంచి ఆమెకు వచ్చే సొమ్ముకు లక్ష డాలర్ల మినహాయింపు లేదు, ఎంత చిన్న మొత్తమైనా చెప్పాల్సిందే. చెప్పకపోతే జరిమానా 10 వేల డాలర్లు గానీ, అందుకున్న దాంట్లో 35 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది. ట్రస్టులో ఏళ్ల తరబడి పోగుపడిన ఆదాయం ఒక్కసారిగా చేతికొస్తే, ఆ పాత సంవత్సరాలకు వడ్డీ కూడా పడే అవకాశం ఉంది. కూతురే తన డబ్బు ట్రస్టులో వేసి యజమానిగా లెక్కకొస్తే 3520-ఎ అని ఏటా మరో ఫారం.

సంపదను విదేశీ ట్రస్టుల చాటున దాచేవాళ్లను పట్టుకోవడానికి 1996లో అమెరికా కాంగ్రెస్ ఈ నిబంధనలను బిగించింది. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. దాచిన డబ్బు బయటికి రావాల్సిందే. కానీ బ్యాంకు ద్వారా, అన్ని కాగితాలతో పంపిన తండ్రి డబ్బుకూ అదే ఉచ్చు బిగిస్తే ఎలా? ఆలస్యంగానైనా తమంతట తామే ఫారం వేసినవాళ్లకు, వాళ్లు రాసిన కారణం చదవకుండానే జరిమానా నోటీసులు వెళ్లేవి. ఐఆర్‌ఎస్‌లోనే పన్ను చెల్లింపుదారుల తరఫున పనిచేసే అడ్వకేట్ కార్యాలయం దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. చివరికి 2024 అక్టోబరులో, కానుకలూ వారసత్వాల ఫారం ఆలస్యమైతే ఇకపై కారణం పరిశీలించాకే నిర్ణయిస్తామని అప్పటి కమిషనర్ డానీ వెర్ఫెల్ ప్రకటించారు. మంచి మార్పే. అయితే అది శాఖ తీసుకున్న నిర్ణయం. చట్టంలోని 25 శాతం అలాగే ఉంది. పన్ను నష్టమేమీ లేని చోట జరిమానాను కానుక విలువకు ముడిపెట్టడం కాంగ్రెస్ మానుకోవాలి.

అంతవరకు మన జాగ్రత్త మనకు తప్పదు. పాత ఏడాది ఫారం వేయలేదని ఇప్పుడు తెలిసినవాళ్లు నోటీసు వచ్చేదాకా ఆగకుండా, ఆలస్యానికి నిజమైన కారణం రాసి, ఈ నిబంధనలు తెలిసిన పన్ను నిపుణుడి సాయంతో పంపాలి. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాలు తమ సభల్లో దీనికో గంట కేటాయిస్తే ఎన్నో కుటుంబాలకు మేలు. ఇక ఇక్కడ ట్రస్టు డీడు రాసే ఆడిటర్లు, వకీళ్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న: మీ పిల్లలు ఏ దేశంలో పన్ను కడుతున్నారు?